తెనాలిలో అయిదున్నర

మా ఇంటిగలావిడ హుకుం ఒకటుండేది. ఆదివారం పన్నెండు గంటల నుంచి ఒంటిగంటంబావు దాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. కుర్చీ లాగకూడదు. మెట్లు దిగాలంటే మేజోళ్ళతో దిగాలి. వంటింట్లో ఆవిడ మాత్రం గిన్నెలు ధనాధనా మోగించుకోవచ్చు, అది లెక్కలోకి రాదు.

ఇది 1958 మాట. ఊరు మాంచెస్టర్, పేట స్ట్రెట్‌ఫర్డ్. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఇంజనీరింగ్ పాసై, రెండేళ్ళ ట్రైనింగుకని బొంబాయిలో ఓడెక్కి సెప్టెంబరులో అక్కడ తేలాను. ఎర్ర ఇటుకల ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని వీధి పొడుగునా ఉండేవి, కాకపోతే బొగ్గు పొగకి ఆ ఎరుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. మేడమీద వెనక గది నాది. పక్క గదిలో ఒక ఐరిష్ కుర్రాడు. నా గది నిజానికి ఆవిడ కొడుకుది. ఒక్కగానొక్క పిల్లాడు. పద్దెనిమిది దాటిన మగపిల్లలు రెండేళ్ళు సైన్యంలో పనిచేసి తీరాలన్న చట్టం ఇంకా అమల్లో ఉంది. ఆ అబ్బాయిని జర్మనీ పంపారు. గది ఖాళీగా ఉంటే చూడలేక అద్దెకిచ్చానని ఆవిడే చెప్పింది. అలమర తలుపు లోపలివైపు అతను అంటించుకున్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు అలాగే ఉండేవి. వాటి మీద నా చొక్కాలు వేలాడేవి.

మొదటిరోజు నన్ను ‘లవ్’ అని పిలిచింది. కంగారు పడ్డాను. తర్వాత చూస్తే పాలబ్బాయిని, పోస్టుమాన్‌ని, బస్సు కండక్టర్ని, అందర్నీ అదే పిలుపు. మన ‘నాయనా’ లాంటిదన్నమాట.

రేడియో మర్ఫీ. మనవాళ్ళకి మర్ఫీ అంటే పెదవి దగ్గర వేలు పెట్టుకున్న పాపాయి క్యాలెండర్ గుర్తొస్తుంది. ఆ కంపెనీ పుట్టిల్లు ఇంగ్లండే. స్విచ్ తిప్పగానే పలికేది కాదు. లోపల వాల్వులు వేడెక్కాలి. ముందు అద్దం వెనక పసుప్పచ్చ దీపం, తర్వాత కాలిన దుమ్ము వాసన, ఆ తర్వాత ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు గురగుర, అప్పటికి మనిషి మాట. అందుకే పన్నెండుకి అయిదు నిమిషాలుండగానే పెట్టేసేది. అద్దం మీద హిల్వర్సమ్, అథ్లోన్, లక్సెంబర్గ్ అని ఊళ్ళ పేర్లు. బీబీసీవి మూడు: వార్తలకీ ప్రసంగాలకీ నాటకాలకీ హోమ్ సర్వీస్, కాలక్షేపానికి లైట్ ప్రోగ్రాం, పండితులకి థర్డ్ ప్రోగ్రాం. థర్డ్ వైపు ముల్లు జరగడం ఆ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. లైట్ మాత్రం 1500 మీటర్ల దగ్గర, వేలిముద్రల మురికితో అద్దం మసకబారిన చోట ఉండేది.

అప్పటికే వీధిలో సగం ఇళ్ళకి టీవీ వచ్చింది. రేడియోకి ఏడాదికి ఒక పౌండు లైసెన్సు, టీవీ ఉంటే నాలుగు పౌండ్లు. ఆవిడ టీవీ కొననివ్వకపోవడానికి డబ్బు కారణం కాదు. “అందులో జర్మనీ నుంచి కబుర్లు రావు కదా” అనేది.

ఇంగ్లండులో ఆదివారం ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఊరంతా తాళం వేసుకున్నట్టుండేది. షాపులు బంద్. పబ్బులు పన్నెండు నుంచి రెండు దాకా, మళ్ళీ ఏడు నుంచి పది దాకా, అంతే. వెళ్ళిన రెండోవారం నేను తెలియక ఒక ఘనకార్యం చేశాను. సెలవు కదా అని చొక్కాలు, బనీన్లు ఉతికి పెరట్లో తీగ మీద ఆరేశాను. పది నిమిషాల్లో ఆవిడ పరుగెత్తుకొచ్చి తడిబట్టలన్నీ చేతుల మీద వేసుకుని లోపలికి తెచ్చేసింది. ఆదివారం బట్టలారేస్తే వీధిలో తలెత్తుకోలేరట. ఉతుకులకి సోమవారం ఉంది. మనకి మంగళవారం క్షవరం చేయించుకోకూడదన్నట్టే ఇదీను. అర్థమయ్యాక నాకు చాలా హాయిగా అనిపించింది. వీళ్ళూ మనలాంటి వాళ్ళే!

ఇంటాయన మితభాషి. ఆయన నాతో ఎక్కువగా మాట్లాడింది ఈ విషయం మీదే. యుద్ధానికి ముందు ఇంతకంటే ఘోరమట. బీబీసీని మొదట్లో నడిపిన జాన్ రీత్ పాదిరీ గారి కొడుకు. ఆదివారం పూట రేడియోలో నవ్వులాటలేమిటని ప్రార్థనలూ, ప్రసంగాలూ, బరువైన సంగీతమూ తప్ప మరొకటి రానివ్వలేదు. జనం విసిగిపోయి లక్సెంబర్గ్‌కీ, ఫ్రాన్సులోని నార్మండీ స్టేషనుకీ ముల్లు తిప్పేసుకున్నారు. యుద్ధం వచ్చి, సిపాయిల కోసమని 1940లో వేరే స్టేషను పెట్టాక ఆ మడి సడలింది. దాని వారసురాలే 1945లో పుట్టిన లైట్ ప్రోగ్రాం. “హిట్లర్ వల్ల జరిగిన మేలు అదొక్కటే” అనేవాడాయన, పైపు నోట్లోంచి తీయకుండానే. పన్నెండు కొట్టగానే పబ్బుకి బయల్దేరేవాడు కాబట్టి హుకుం ఆయనకి వర్తించేది కాదు.

సరే, పన్నెండు గంటలు. వయొలిన్లు ఒక్కసారిగా పొంగినట్టు ఆండ్రీ కోస్టెలానెట్జ్ ఆర్కెస్ట్రా సిగ్నేచర్ ట్యూన్. దాని వెనకే ఒక స్త్రీ గొంతు: బ్రిటన్‌లో టైము పన్నెండు, జర్మనీలో ఒంటిగంట. కార్యక్రమం పేరు ‘టూ-వే ఫ్యామిలీ ఫేవరిట్స్’. మన కోరిన పాటల్లాంటిదే, కాకపోతే ఒక కొస లండన్‌లో, రెండో కొస జర్మనీలో బ్రిటిష్ సైన్యం నడిపే రేడియో స్టేషన్లో. ఇక్కడి తల్లులు అక్కడి కొడుకులకి, అక్కడి మొగుళ్ళు ఇక్కడి పెళ్ళాలకి పాటలు కోరుకునేవారు. ఫలానా సిపాయికి, ఫలానా ఊళ్ళో అమ్మ, నాన్న, చెల్లి, బామ్మ, ఇంట్లో కుక్క, అందరూ ముద్దులు పంపుతున్నారు. ఆ పైన సైన్యం పోస్టాఫీసు నంబరు. బీఎఫ్‌పీఓ ఇంత, బీఎఫ్‌పీఓ అంత. ఆ నంబర్లు వింటే ఎవడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఆవిడ చెప్పేసేది.

లండన్ గొంతు ఎక్కువగా జీన్ మెట్‌కాఫ్‌ది. నవ్వు పెదవుల మీద కాక గొంతులోనే ఉన్నట్టుండేది. కార్యక్రమం మొదలైన కొత్తల్లో జర్మనీ కొసన క్లిఫ్ మిషెల్‌మోర్ అని ఒకాయన ఉండేవాడు. ఇద్దరూ ముందు ఒకరి గొంతు ఒకరు విన్నారు, మనుషుల్ని తర్వాత చూసుకున్నారు, 1950లో పెళ్ళి చేసుకున్నారు. ఈ కథ నాకు ఇంటిగలావిడ కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది, ప్రతిసారీ పెళ్ళి దగ్గరికొచ్చేసరికి ఏప్రాన్‌తో కళ్ళొత్తుకుంటూ.

నాకు ఆ పాటలు పెద్దగా పట్టేవి కావు. టైము చెప్పడం మాత్రం పట్టుకుంది. పన్నెండు, ఒంటిగంట అనగానే నా మనసు తనంతట తనే మూడోది కలుపుకునేది: తెనాలిలో అయిదున్నర. అమ్మ వాకిలి ఊడ్చి, లాంతరు చిమ్నీ ముగ్గుతో తోమి, తులసికోట దగ్గర దీపం సిద్ధం చేసుకునే వేళ. పార్కులో మునిసిపాలిటీ రేడియో చుట్టూ మనుషులు చేరే వేళ. మా అమ్మకి చదువు రాదు. నా ఉత్తరం వస్తే పక్కింటి మాస్టారు చదివి పెట్టాలి. ఆయన ఓపిక గల మనిషి, మూడుసార్లు చదివేవారు. ఆవిడ జవాబూ ఆయన చేతిరాతే: ‘చిరంజీవికి అమ్మ ఆశీర్వదించి వ్రాయించునది, ఉభయకుశలోపరి.’ అమ్మ ఎప్పుడూ అనని మాటలు అమ్మ పేరు మీద వచ్చేవి. ఆ గ్రాంథికం మధ్యలో ఎక్కడో ఒకచోట ‘చలికి చెవులు కప్పుకుంటున్నావా’ అని ఉండేది. అది మటుకు అచ్చంగా ఆవిడది.

భోజనం ఒంటిగంటన్నరకి సిద్ధమైనా ఇంటాయన పబ్బు నుంచి వస్తేగానీ వడ్డన లేదు. ఆదివారం భోజనం అంటే ఓవెన్లో కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, బఠాణీలు, గిన్నెలా పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగు, అన్నిటి మీదా గోధుమరంగు గ్రేవీ. నేను మాంసం తిననని తెలిశాక నా కంచంలో దుంపలు రెట్టింపు చేసింది. ఒక ఆదివారం టేబుల్ మీద చిన్న గాజుగిన్నెలో పచ్చగా పుదీనా పచ్చడి కనబడింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది. రెండు పెద్ద చెంచాలు వేసుకుని నోట్లో పెట్టుకున్నాను. వెనిగరూ, పంచదారా! పుదీనా మాత్రం నిజంగా పుదీనాయే, అదే మరీ అన్యాయం. ఆవిడ నా ముఖం చూసి నచ్చిందనుకుంది. అప్పట్నించి గొర్రెమాంసం వండిన ప్రతి ఆదివారమూ ఆ సాస్ గిన్నె నా పక్కనే పెట్టేది. రెండేళ్ళు తిన్నాను.

ఆ భోజనం మీదకి రేడియోలో బిల్లీ కాటన్ అనే బ్యాండు నాయకుడు వచ్చేవాడు. “వేకీ-వేకీ!” అని ఒక్క గావుకేక. మంచం మీద ఉన్నవాడు కింద పడాల్సిందే. వెనకాల బ్యాండు బాజా. మొదట్లో ఈ కార్యక్రమం ఆదివారం పొద్దుటిపూట ఉండేదట. రిహార్సల్‌కి వచ్చి కునికిపాట్లు పడుతున్న తన బ్యాండు వాళ్ళని లేపడానికి ఆయన అరిచిన అరుపే తర్వాత ట్రేడ్‌మార్క్ అయింది. నాకు మొదట్లో తలనొప్పిగా ఉండేది. నవంబరు పొగమంచులో నాలుగింటికే చీకటి పడిపోయే రోజుల్లో మటుకు ఆ అరుపు వేడి కాఫీలా పనిచేసేది.

అప్పటి హాస్యాల్లో నన్ను అన్నిటికంటే తికమక పెట్టింది ‘ఎడ్యుకేటింగ్ ఆర్చీ’. పీటర్ బ్రఫ్ అనే ఆయన పెదవులు కదపకుండా ఆర్చీ అనే చెక్కబొమ్మతో మాట్లాడిస్తాడు. రేడియోలో! పెదవులు కదిలాయో లేదో చూసేదెవరు? తోలుబొమ్మలాటని తెర తీయకుండా ఆడినట్టుంది కదా అని ఇంటాయన్ని అడిగితే, పైపు తీసి కాసేపు ఆలోచించి, “ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు” అన్నాడు. అలాంటిదే ‘క్లిథరో కిడ్’. అల్లరి బడిపిల్లాడిగా వేసే జిమ్మీ క్లిథరోకి అప్పటికే నలభై దగ్గరపడుతున్నాయి. పొడవు మాత్రం నాలుగడుగుల చిల్లర. రేడియోకే అయినా బడి టోపీ, కోటు వేసుకుని మరీ మైకు ముందు నిలబడేవాడట. అతనిది మా లాంకషైర్ యాసే కాబట్టి ఇంట్లోవాళ్ళు ముందే నవ్వేసేవారు, నేను ఒక వాక్యం వెనక నవ్వేవాణ్ణి. 1959 మార్చిలో ‘నేవీ లార్క్’ మొదలయ్యేసరికి నేనూ వాళ్ళతోపాటే నవ్వగలిగాను. దాన్ని నా పెద్ద పాసుల్లో ఒకటిగా లెక్కేసుకుంటాను.

మధ్యాహ్నం రేడియో దగ్గర చిన్న యుద్ధం జరిగేది. ఇంటాయనకి హోమ్ సర్వీసులో తోటపని ప్రశ్నల కార్యక్రమం కావాలి. పెరట్లో ఆయనకున్నది నాలుగు బండపరుపుల మధ్య ఒక గులాబీ మొక్క. ఆ కార్యక్రమం 1947లో మొదలైంది మా ఊరి పక్కనే ఆష్టన్-అండర్-లైన్‌లో అని ఆయనకి గర్వం. ఐరిష్ కుర్రాడికేమో వేసవిలో అథ్లోన్ నుంచి వాళ్ళ దేశవాళీ ఆటల కామెంటరీ కావాలి. మిహాల్ ఓ’హెహిర్ అనే ఆయన ఊపిరి తీసుకోకుండా చెబుతుంటే, ఆట ఏమిటో తెలియని నేను కూడా చేతిలో టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయేవాణ్ణి.

ఆ తర్వాత ఏమీ తోచని సమయం. టోనీ హాంకాక్ అనే హాస్యనటుడు నేను వెళ్ళడానికి కొద్ది నెలల ముందే, 1958 ఏప్రిల్లో, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో తోచక కూర్చోవడం మీదే ఒక అరగంట నాటిక నడిపాడు. చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. ఆవులింతలు, నిట్టూర్పులు, వానకి తిట్లు. అంతే సరుకు. అందులో ఒక్క ముక్క కూడా అతిశయోక్తి కాదని సాక్ష్యం చెప్పగలను.

టీ వేళకి ‘డౌన్ యువర్ వే’. ఫ్రాంక్లిన్ ఎంగెల్‌మన్ వారానికో ఊరు వెళ్ళి అక్కడి కమ్మరినో, టీచరమ్మనో, గంటలు కొట్టేవాణ్ణో పలకరించి, చివర్లో వాళ్ళకిష్టమైన పాట వేయించేవాడు. ఇంగ్లండులో నేను కాళ్ళతో చూసిన ఊళ్ళు పది, ఈయన చెవులతో చూపించినవి వంద. రాత్రి ఎనిమిదిన్నరకి ఏదో ఒక ఊరి చర్చి నుంచి భక్తిగీతాలు, ఆ వెనక ‘గ్రాండ్ హోటల్’ అని తీపి తీపి వయొలిన్ సంగీతం. ఈ హోటలుకి ఒకసారి వెళ్ళాలని ఇంటిగలావిడ కోరిక. నిజానికి యుద్ధానికి ముందు ఈస్ట్‌బోర్న్‌లో అసలు హోటలు నుంచే ఇలాంటి కచేరీలు వచ్చేవి. మేం వింటున్నది మాత్రం లండన్‌లో బీబీసీ భవనంలో వాయించేది. ఆ సంగతి తెలిసి కూడా నేను చెప్పలేదు.

పదకొండుకి ఐరిష్ కుర్రాడి గదిలో లక్సెంబర్గ్, 208 మీటర్లు, టాప్ ట్వంటీ. పాట మంచి రసపట్టులో ఉండగా సముద్రంలోకి వెళ్ళిపోయి మళ్ళీ ఒడ్డుకి వచ్చేది. మధ్యలో హొరేస్ బాచిలర్ అనే ఆయన ఫుట్‌బాల్ పందేల్లో గెలిచే ఉపాయం అమ్ముతూ తన ఊరి పేరు ‘కె, ఈ, వై, ఎన్, ఎస్, హెచ్, ఏ, ఎం, కీన్‌షమ్’ అని ప్రతిసారీ అక్షరం అక్షరం చెప్పేవాడు. ఆ ఊరు నేను చూడలేదు, స్పెల్లింగు మాత్రం ఈ వయసులో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మందుల పేర్లు మర్చిపోతున్నాను.

ఇక అసలు సంగతి. ఇంటిగలావిడ తన కొడుక్కి పాట కోరుతూ నెలకో కార్డు రాసేది. ఒక్కటీ చదవలేదు. కార్డులు గుట్టలుగా వస్తాయి, ఏది చేతికందితే అది. అయినా ప్రతి ఆదివారం మా ఇంట్లో ఆ గంటంబావు మౌనం. 1959 నవంబరులో ఒక ఆదివారం, ఇరవై నిమిషాలు ఆగి ఆగి, ఇక ఆగలేక ఆవిడ పెరటి వైపు వెళ్ళింది. ఆ ఇళ్ళకి దొడ్డి పెరట్లోనే, గోడ చివర. నేను కుంపటి దగ్గర కూర్చుని బూట్లు పాలిష్ చేసుకుంటున్నాను. రేడియోలో ఆవిడ పేరు వచ్చింది. మా వీధి పేరు వచ్చింది. స్ట్రెట్‌ఫర్డ్, మాంచెస్టర్. కొడుకు పేరు, నంబరు. బ్రష్ చేతిలో ఉండగానే లేచి, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో పెరట్లోకి పరుగెత్తి, దొడ్డి తలుపు మీద దబదబా బాది, “మీరే! మీరే! రేడియోలో మీరే!” అని అరిచాను. తెలుగులో అరిచానట. తర్వాత ఆవిడ చెబితే తెలిసింది. ఇల్లు కాలిపోతోందనుకుందట.

ఆవిడ వచ్చేసరికి మాటలైపోయాయి, మారియో లాంజా పాడుతున్నాడు. ఆయన అంతకుముందు నెలలోనే రోమ్‌లో పోయాడు, ముప్పై ఎనిమిదేళ్ళకే. ఆవిడ అడిగిన పాటే. గుమ్మంలోనే నిలబడి, కొంగులాంటి ఆ ఏప్రాన్ రెండు చేతులా పట్టుకుని పాటంతా విన్నది. అయిపోయాక నా వైపు తిరిగి, “ఏమన్నారు? మొత్తం చెప్పు. ఒక్క మాట వదలకు” అంది.

చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఇంటాయన పబ్బు నుంచి వచ్చాక ఆయనకి, ఎదురింటావిడకి, సాయంత్రం చర్చి నుంచి వస్తున్న ఇద్దరు ముసలమ్మలకి. గాలిలో కలిసిపోయిన ఆ రెండు వాక్యాలు ఆ ఇంట్లో విన్నది నేనొక్కణ్ణే. ఆ వారమంతా నేనే బీబీసీ. నాలుగోసారికి మాస్టారి లాగే ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో వచ్చేసింది. ‘అమ్మ, నాన్న ప్రేమతో’ అన్నచోట కాస్త ఎక్కువసేపు ఆగేవాణ్ణి. చివర్లో ‘చలికి జాగ్రత్త’ అని ఒక ముక్క లండన్ వాళ్ళు అనలేదు, నేను కలిపాను. రెండువారాల తర్వాత కొడుకు ఉత్తరం వచ్చింది. బ్యారెక్సులో అందరూ తనని ఏడిపించారని, లాంజా పాటేమిటమ్మా పరువు పోయిందని. ఆవిడ దాన్ని రేడియో మీద నిలబెట్టింది.

ఈ గొడవంతా ఎయిరోగ్రామ్ నిండా రాసి ఇంటికి పంపాను. మాస్టారు ఎన్నిసార్లు చదవాల్సి వచ్చిందో! అమ్మ జవాబులో అప్పట్నించి నా క్షేమం కంటే ముందు ఆ అబ్బాయి క్షేమం ఉండేది. ‘జర్మనీ చిన్నవాడు ఇల్లు చేరినాడా?’ అని.

1960 ఫిబ్రవరిలో చేరాడు. ఐరిష్ కుర్రాడు అప్పటికే బర్మింగ్‌హామ్ వెళ్ళిపోయాడు కాబట్టి నేను ఆ గదిలోకి మారాను. అబ్బాయి మంచివాడే. ఆదివారం పన్నెండింటికి రేడియో పెడితే మటుకు “అమ్మా, ఆ గోల ఆపు, నిద్రపోనీ” అని పైనుంచి అరిచేవాడు. ఆవిడ ఆపలేదు, సౌండ్ తగ్గించింది. ఇక నిశ్శబ్దం హుకుం కూడా లేదు. బంగాళాదుంపలు చెక్కుతూ, ఎవరెవరి పిల్లలకో వచ్చే కబుర్లు మునపటిలాగే వినేది.

నా ట్రైనింగు ఆగస్టుతో అయిపోయింది. ఆఖరి ఆదివారం నా పెట్టె మెట్ల కింద కట్టి ఉంది. బఠాణీలు ఒలుస్తోంది ఆవిడ, నేను సాయం చేస్తున్నాను. రేడియో పాడింది, టైము చెప్పింది. ఇంగ్లండులో గడియారాలు వేసవికి గంట ముందుకి తిప్పుకుంటారు, జర్మనీ వాళ్ళు అప్పట్లో తిప్పేవాళ్ళు కాదు. అందుకని ఆ నెలల్లో ఇక్కడా పన్నెండే, అక్కడా పన్నెండే. నా లెక్క సంగతి నేనెప్పుడూ ఆవిడకి చెప్పలేదనుకున్నాను. ఎప్పుడో పైకే అనుకుని ఉంటాను.

తలెత్తకుండానే అడిగింది.

“మరి టెన్నలీలో ఎంతయింది, లవ్?”

“నాలుగున్నర.”

“అయిదున్నర కదూ?”

“అది చలికాలంలో.”

“ఓహో,” అని గిన్నె నా వైపు జరిపింది. ఇంకా సగం కాయలున్నాయి.